సుహైర్ తీసే చీకటి ఫోటోలు

నా వంతు రొట్టె కూడా లాక్కుని తినేసిన మా ఇన్సాఫ్ అక్కకి,

మోకాళ్ళెలా ఉన్నాయి? ఇక్కడ అలెగ్జాండ్రియాలో ఒకటే వాన. బేరాల్లేవు, అందుకే కొట్లో కూచునే ఈ ఉత్తరం టపటపా కొట్టేస్తున్నా. గురువారం పాత సామాన్ల బండివాడు వస్తాడు. మా లావు టీవీ ఇచ్చేస్తున్నా. అది మూలుగుతోందని అందరికీ చెప్పాను. అసలు సంగతి నీకొక్కదానికే.

నీ మరదలు సుహైర్ సీరియల్ వస్తుంటే టీవీ తెరని ఫోటోలు తీస్తుంది కదా. ఆ పనితనం చూడాలక్కా! పాత కెమెరాని కుర్చీ వీపు మీద ఆనించి, ఊపిరి బిగబట్టి నొక్కుతుంది. వేరేవాళ్ళు తీస్తే తెరకడ్డంగా నల్ల పట్టీ పడుతుంది. తను తీస్తే పడదు. స్టూడియో షుక్రీ కూడా అలా తీయలేడు. కానీ తనకి హీరోయిన్లు అక్కర్లేదు. చీకటి గుమ్మం, రాత్రి వీధి, ఖాళీ మెట్లు, అవే కావాలి. పైగా నా పక్కనున్న దీపం ఆర్పనివ్వదు. "వెలుగు తెర మీద పడి ఫోటో పాడవుతుందే" అంటే, "నీ గుండీల సంగతి నువ్వు చూసుకో, దీపం జోలికి రాకు" అంటుంది.

ఇన్నేళ్ళ కాపురంలో నాది ఒక్క ఫోటో తీయలేదక్కా. ఖాళీ మెట్లపాటి చేయనా నేను? అందుకే ఆ టీవీ పోవాలి. తను బాధపడకుండా ముందే ఒక ఫోటో పెద్దది చేయించి గోడకి తగిలిస్తా.

నీ తమ్ముడు,
గుండీల కొట్టు హిల్మీ

నవ్వకుండా చదవాల్సిన అక్కకి,

షుక్రీ ఫోటో పెద్దది చేసి, మీసాల్లో నవ్వుతూ చేతికిచ్చాడు. "ఏం హిల్మీ, సీరియల్లో పాషా గారి మేడ గుమ్మంలో బనియన్‌తో ఏం చేస్తున్నావ్?"

చూద్దును కదా, ఆ నల్లటి గుమ్మం మధ్యలో నేనే! టీవీ అద్దంలో పడ్డ నా నీడ. చేతిలో టీ గ్లాసు, నోరు తెరుచుకుని సీరియల్ చూస్తున్నా. ఇంటికి పరుగెత్తి ఫోటోల పెట్టె దించి, ఒక్కోటీ కళ్ళకానించుకుని చూశాను. అన్నిట్లోనూ నేనే అక్కా! ఒకదాంట్లో కళ్ళు తుడుచుకుంటున్నా, ఒకదాంట్లో కునుకుతున్నా, పోనుపోను జుట్టు పలచబడుతోంది. దీపం ఆర్పనివ్వంది ఇందుకన్నమాట.

"ఎదురుగా తీయొచ్చు కదే!" అన్నాను.

"కెమెరా కనిపిస్తే చాలు, పెళ్ళికొచ్చిన పెద్దమనిషిలా బిగుసుకుపోతావు. సీరియల్ ముందు కూచుంటేనే నా మొగుడు కనిపిస్తాడు."

కింద బండివాడు అరుస్తున్నాడు. టీ తాగించి, విరిగిన ఫ్యాను చేతిలో పెట్టి పంపించేశాను.

సాయంత్రం ఇస్త్రీ చొక్కా వేసుకుని, మీసం దువ్వుకుని టీవీ ముందు కూచున్నాను. సుహైర్ ఒక్క చూపు చూసి కెమెరా దించేసింది. లేచి వెళ్ళి చొక్కా విప్పేసి వచ్చాను.

నీ తమ్ముడు,
బనియన్ హిల్మీ