అప్పలస్వామి తాత చూపించిన రంగూన్

కాపెల్, టెక్సాస్
మంగళవారం

అక్కయ్యకు సరళ నమస్కారాలు. నీ మోకాళ్ళ నొప్పి తగ్గిందా? బావగారి షుగర్ ఎలా ఉంది? మేమిద్దరం బాగానే ఉన్నాం, కంగారు పడకు. ఇక్కడ ఎండలు మాడ్చేస్తున్నాయి. ఇంట్లోంచి కార్‌లోకి, కార్‌లోంచి ఆఫీస్‌లోకి తప్ప అడుగు బయటపెట్టడం లేదు. నువ్వు పంపిన కందిపొడి అయిపోయింది, ఎవరైనా వస్తుంటే ఇంకొంచెం పంపు.

ఈయనకు సింగపూర్‌లో ఆఫీస్ పని పడితే నేనూ వెళ్ళాను కదా. అక్కడి నుంచి రంగూన్ కూడా వెళ్ళొచ్చాం. ఫోన్‌లో చెప్పడానికి ధైర్యం చాలక ఉత్తరం రాస్తున్నాను. అమ్మమ్మ పుట్టిన ఊరు, చివరిదాకా ‘రంగం, రంగం’ అని కలవరించిన ఊరు ఒక్కసారి చూడాలనిపించింది.

బంగారు పగోడా మెట్ల దగ్గర పూలమ్ముకునే ముసలాయన మా మాటలు విని, “మనోళ్ళేనేటమ్మా?” అన్నాడు. పేరు అప్పలస్వామి. వాళ్ళ నాన్న సోంపేట వైపు నుంచి ఓడెక్కి వచ్చాడట. బుట్ట పక్కామెకు అప్పగించి రోజంతా మాతో తిరిగాడు. పగోడాలో రాళ్ళు కాలిపోతుంటే నీడ చూసి నడిపించాడు. దొరలు కట్టిన మేడలు చూపించాడు. గోడలంతా నాచు, కిటికీల్లోంచి రావి మొక్కలు. రేవు దగ్గర ఆగి, “మా అయ్య దిగింది ఇక్కడేనమ్మా” అన్నాడు.

తర్వాత టీ కొట్లో కూర్చున్నాం. ఈయన మామూలుగానే కొట్టాయనను ఇంగ్లీషులో, “ఇక్కడి మిలిటరీ గవర్నమెంట్ మీద మీకు కోపం లేదా?” అని అడిగారు. కొట్టాయన విననట్టు లోపలికి వెళ్ళిపోయాడు. తాత కప్పు కిందపెట్టాడు.

“నెమ్మదిగా బాబూ. ఆ మూల కూకున్నాయన పగోడా కాణ్ణించీ మన ఎనకే వస్తన్నాడు.”

నేను వెనక్కి తిరగబోయాను. “సూడకమ్మా” అన్నాడు, మొహంలో నవ్వు అలాగే ఉంచి.

సాయంత్రం హోటల్ కౌంటర్‌లో అమ్మాయి కూడా నవ్వుతూనే అడిగింది, “ఆ ముసలాయన మీకు బంధువా? ఎక్కడుంటాడు?” అని. ఆయన గురించి మేం ఆమెతో ఒక్క మాట అనలేదు, అక్కయ్యా!

మర్నాడు పొద్దున అక్కడి తెలుగువాళ్ళ రామమందిరం చూపిస్తానన్నాడు తాత. వెళ్తే మెట్ల దగ్గర లేడు. ఆయన బుట్టలో పూలు పక్కామె తన బుట్టలోకి సర్దుకుంటోంది. ఆయన పేరెత్తగానే లేచి వెళ్ళిపోయింది. టీ కొట్టాయన, “అలాంటి మనిషి ఇక్కడికి రాడు” అన్నాడు. ముందురోజు ఆయనకు టీ పోసింది తనే. మధ్యాహ్నం మా ఫ్లైట్. వచ్చేశాం.

ఇక్కడికొచ్చాక మనసు ఆగలేదు. టీ కొట్టు నంబర్ సంపాదించి రెండుసార్లు ఫోన్ చేశాను. పేరు చెప్పగానే పెట్టేశారు. నిన్న లంచ్‌లో, మా ఆఫీస్‌లో పనిచేసే బర్మా ఆయన థాన్‌కి ఇదంతా చెప్పాను. ఆయన తినడం ఆపేశాడు.

“పేరు చెప్పి అడిగావా? అమెరికా నుంచి?”

అవునన్నాను.

“ఇంకెప్పుడూ చెయ్యకు. నువ్వడిగినప్పుడల్లా మిలిటరీ వాళ్ళు వెళ్ళి ఆయన్ని అడుగుతారు.”

అప్పటి నుంచి నాకు అన్నం సహించడం లేదు. ఈయనేమో, “ముసలాయన జ్వరమొచ్చి పడుకుని ఉంటాడు, నువ్వు లేనిపోనివి ఊహించుకోకు” అంటున్నారు. అంటూనే కంప్యూటర్‌లోంచి తాతతో తీసుకున్న ఫోటోలన్నీ తీసేశారు.

నా గురించి బెంగ పెట్టుకోకు, నేను బాగానే ఉన్నాను. అత్తయ్యగారికి నమస్కారాలు, పిల్లల్ని అడిగానని చెప్పు. సోంపేట వైపు ఆయన వాళ్ళెవరున్నారో వాకబు చెయ్యాలని నీకు అనిపిస్తుంది. వద్దు. దీపం పెట్టేటప్పుడు ఆయన కోసం కూడా ఒక దణ్ణం పెట్టు. పేరు మాత్రం పైకి అనకు.

నీ దీవెనలు కోరే చెల్లెలు,
సరళ