అవతలి గట్టున దోనె కట్టకు

లిడియా,

నేను మొదటి బస్సుకి ఏలూరు వెళ్తున్నాను. చద్దన్నం తినకుండా కదలకు.

దోనె కాలవ మధ్యన ఉంది. గిలక దగ్గర కిందితాడు లాగితే మన గట్టుకి వస్తుంది. ఎక్కాక పైతాడు వెనక్కి లాగుతూ ఉంటే అవతలికి పోతావు. దిగాక అక్కడి గుంజకి మాత్రం కట్టకు. తొందరలో అందరూ కట్టేస్తారు, ఇవతలివాళ్లు లాగి లాగి తాడు తెంపుకుంటారు. ఊరికే వదిలేస్తే మీ పెదనాన్న తనే లాక్కుంటాడు. మనవల్ల ఆయన పని ఆగిందన్న మాట రాకూడదు.

నిన్న ఆయనన్నది నువ్వూ విన్నావు. "పెళ్లి కావలసిన పిల్ల ఆకివీడు బడిలో జీతానికి పోవడమేమిట్రా? దోనెలో సగం నాది, ఎక్కనివ్వను" అన్నాడు. మిగతా సగం మనదే. నువ్వు మన సగంలో కూర్చో. ఈరోజు చేరకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరికి పోతుంది. ఎవరి మాట కోసమూ నేను దాన్ని పోనివ్వను.

గిలక కీచుమనకుండా మీ పెద్దమ్మ తెల్లవారుతూనే వచ్చి ఆముదం పోసి వెళ్లింది. నేను చూసినట్టు ఆవిడకి తెలియదు. చల్లని తల్లి. అయినా నువ్వు చప్పుడు కాకుండా వెళ్లనక్కర్లేదు. ఆయన అరుగు మీదే ఉంటాడు. "పెదనాన్నగారూ, బడికి వెళ్లొస్తానండీ" అని వినపడేలా చెప్పి వెళ్లు.

నాన్న

సాయంత్రం ఆయన దోనెని ఇటే కట్టేస్తే బెంగపడకు. పొద్దుగూకేలోపు వచ్చి గట్టు మీద ఉంటాను. ఆయన ఎదురుగానే ముడి విప్పుతాను.