షీట్లు అయిపోయాక తాతయ్య కార్డు

గుణదల, మంగళవారం

నాన్నకి, క్రిస్టినా రాసేది. ఇక్కడ అందరం బాగున్నాం. ఫోనులో మీకు సరిగ్గా వినపడదని కార్డు రాస్తున్నా.

మా ఆగ్నెస్‌కి బళ్లో మూడు నెలలకోసారి చదివే పరీక్ష పెడతారు కదా. రెండో తరగతి పిల్ల ఈసారి ఐదో తరగతి షీటు కూడా గడగడా చదివేసింది. "ఇంతకు మించి నా దగ్గర షీట్లు లేవండీ. ఇంట్లో ఏదుంటే అది చదివించి, ఏం చదివిందో నోట్సులో రాయించండి" అన్నారు టీచరుగారు. సరేనని మీ కిందటి కార్డు చేతికిచ్చాను. మీ గొలుసుకట్టు రాత నాకే ఓ పట్టాన అంతుపట్టదు, ఇదేం చదువుతుందిలే అనుకున్నా. మొత్తం చదివి నా మొహంలోకి చూసి, "అమ్మమ్మకి మెట్లెక్కితే ఆయాసం వస్తోందని ఉందిగా. కార్డొచ్చిన రోజు నువ్వు చదివి వినిపించినప్పుడు ఇది లేదేం?" అంది. పిల్ల బెంగ పెట్టుకుంటుందని ఆ ముక్క దాటేశాను నాన్నా. అడ్డంగా దొరికిపోయాను.

అమ్మని శుక్రవారం తీసుకొచ్చేయండి. గవర్నర్‌పేటలో డాక్టరుగారితో మాట్లాడి ఉంచాను, భయపడాల్సిందేమీ ఉండకపోవచ్చన్నారు. పాత మందుల చీటీలు మర్చిపోవద్దు. గేదె ఈనిందా? పెయ్యా, దున్నా అని మనవరాలు ఒకటే అడుగుతోంది.

మేరీమాత మీ ఇద్దరినీ చల్లగా చూడాలి. ఇకమీదట ఏదున్నా ఆగ్నెస్ పేరునే రాయండి, నాకు అదే చదివి చెబుతుంది. నోట్సులో ఏం రాసిందో తెలుసా, రేపు టీచరుగారు కూడా చూస్తారు: "తాతయ్య కార్డు. అమ్మ వదిలేసిన లైనుతో సహా."