హరితా, రాయి ఉంది

మాచర్ల,
గురువారం

అల్లుడు గారికి,

ఈ ఉత్తరం హరిత చేతికిచ్చి పంపుతున్నాను. ఫోన్లో చెబితే మీ మామయ్య వింటారు. కాగితమైతే చదవలేరు.

ఆదివారం మనందరినీ చంద్రవంక వాగు ఒడ్డునే నడిపించి ఎత్తిపోతల జలపాతం చూపిస్తానని ఆయన పట్టుబట్టారు. దారి తేలికే. కానీ ఏడాదిన్నరగా ఆయనకు చూపు బాగా తగ్గింది. ఇక రాదన్నారు డాక్టరు. పెళ్ళప్పుడు మీకు చెప్పనివ్వలేదు. మా తప్పే.

ఆయన చెయ్యి మాత్రం పట్టుకోకండి. నేనొకసారి పట్టుకుంటే, “ఏందే, నన్ను గుడ్డోణ్ణి చేస్తన్నావా?” అని వారం రోజులు మాట్లాడలేదు. మీరూ హరితా ఆయనకు రెండడుగులు ముందు నడవండి. రాయి వస్తే “హరితా, రాయి ఉంది”, మెట్టు వస్తే “హరితా, మెట్టు” అని గట్టిగా అనండి. అది విసుక్కోదు, దానికి తెలుసు.

పులిహోర, మంచినీళ్ళు నేను తెస్తాను. మీరేమీ కొనొద్దు.

జలపాతం దగ్గర మీరేమీ చెప్పకండి. నీళ్ళు ఎన్ని పాయలుగా పడుతున్నాయో, ఎంత తెల్లగా ఉన్నాయో ఆయనే చూపిస్తారు. పెళ్ళైన కొత్తలో నాకూ అలాగే చూపించారు. ఆయన చెయ్యి ఎటు చూపిస్తే అటే చూసి, ఔననండి.

మీ అత్తయ్య