పొలమారితే చెప్పని పేరు

అన్నా,

మనిద్దరం పోట్లాడుకుంటూ చూసిన ఆ టీవీ షో, అదే, జనం నమ్మకాలను ప్రయోగం చేసి తేల్చేది, మళ్లీ మొదలైంది. నువ్వు పోయాక నిన్ననే మొదటిసారి పెట్టాను. ఒకామె అన్నం తింటుంటే పక్కగదిలో కొందరు కళ్లు మూసుకుని ఆమెను తలుచుకున్నారు. ఆమెకు పొలమారలేదు. ఆ నమ్మకం ఉత్తదేనన్నారు.

ఈరోజు కల్లంలో పసుపు కొమ్ములు ఏరుతూ అందరం దాని గురించే మాట్లాడుకున్నాం. "గదేం పరీక్ష? తెల్వనోళ్లు తలిస్తే పొలమారుతదా?" అని పక్కింటి రాజవ్వ కోప్పడింది. నువ్వుంటే షో పక్షాన నిలబడి ఆమెను ఇంకా ఉడికించేవాడివి.

మధ్యాహ్నం రెండో ముద్దకే నాకు పొలమారింది. పసుపు దుమ్ము గొంతులో పడిందని నాకు తెలుసు. రాజవ్వ నా నెత్తి మీద తట్టి, "ఎవలో తలుస్తున్నరు. ఒక్కొక్కల పేరు చెప్పు, తలిసినోళ్ల పేరు రాంగనే ఆగుతది" అంది.

మా ఆయన పేరు చెప్పాను, బిడ్డ పేరు చెప్పాను. దగ్గు ఆగలేదు. నీ పేరు నాలుక చివరిదాకా వచ్చింది. గబగబా నీళ్లు తాగేశాను.

చెప్పాక కూడా ఆగకపోతే ఎలా అన్నా?

నీ చెల్లె