లెక్కలోకి రాని మా అమ్మాయి

డాక్టర్ హాల్వర్సన్ గారికి,

నేను డులూత్‌లో వ్యాకరణం బోధించి పదవీ విరమణ పొందిన ఉపాధ్యాయుణ్ణి. మీ వద్ద సంతాన చికిత్స పొందుతున్న మారెన్‌కు తండ్రిని.

"నూటికి యాభై అయిదుగురు తల్లులయ్యారు" అని మీ కరపత్రం చెబుతోంది. వాక్యం నిర్దుష్టంగా ఉంది. అయితే అడుగున ఉన్న చిన్న అక్షరాలను బట్టి, ఎవరి గర్భంలో పిండాన్ని ప్రవేశపెట్టారో వారిని మాత్రమే మీరు లెక్కించారు. మారెన్‌కు సూదులు వేశారు, అండాలు తీశారు; గర్భంలో ప్రవేశపెట్టేదాకా ఒక్క పిండమూ నిలవలేదు. కనుక ఆమె మీ ఓటములలో సైతం లేదు.

నిన్న భోజనాల దగ్గర, "సగం మందికి పైగా పిల్లలు పుడుతున్నారు నాన్నా, ఈసారి నా వంతే" అంది. చిన్న అక్షరాల మాట ఎత్తబోయాను. అల్లుడు, "మారెన్, మీ నాన్నకి ఎర్ర పెన్ను తెచ్చివ్వు, మొదలెట్టేశారు" అన్నాడు. ఆమె నవ్వింది. చాలాకాలానికి నవ్వింది కనుక ఊరుకున్నాను.

సోమవారం మళ్ళీ సూదులు మొదలవుతాయి. ఆమెకు నలభై రెండేళ్ళు. ఆ వయసులో చికిత్స మొదలుపెట్టిన వందమందిలో ఎందరు బిడ్డతో ఇంటికి వెళ్ళారో ఆలోగా ఆమెకు చెప్పండి. అది తెలిసీ ఆమె సరేనంటే, కారు నేనే నడుపుతాను.

నేను చెబితే తప్పులెన్నుతున్నానని అనుకుంటుంది. మీరు చెబితే నమ్ముతుంది, ఆ యాభై అయిదును నమ్మినట్టే.

ఇట్లు,
మారెన్ తండ్రి