చిన్నోని వంతు బియ్యం

ఆదివారం రాత్రి. తెల్లారితే పెత్తరమాస.

ఒక్కదాన్నే పోయి సినిమా చూసొచ్చిన. ఏదో దేశంల యుద్ధం, తుపాకులు మోసే పోరగాండ్ల కథ. అండ్ల ఒకడు తుపాకిని కావలిచ్చుకొని, నోరు తెరిచి పండుకున్నడు. మా చిన్నోడు గూడ గట్లనే నోరు తెరిచి పండుకునేటోడు. తొమ్మిదో తరగతిల ఉండంగ మా ఊరు చందూర్ల ఇల్లిడిసి అడవిలకు, అన్నల దళంలకు పోయిండు నా తమ్ముడు. మల్ల రాలే. శవం గూడ రాలే.

సినిమాల మాత్రం పోరడు ఇంటికొచ్చిండు, తల్లి గుర్తుపట్టింది. అందరు చప్పట్లు కొట్టిండ్రు. నాకైతే ఒళ్లు మండింది. పక్క సీటు పిల్ల, "ఏడుస్తున్నవా ఆంటీ? సినిమానే గదా" అన్నది. "ఏసీ పడ్తలేదు బిడ్డా" అన్న. ఇంకేం చెప్పాలె?

పెత్తరమాసకు సచ్చిపోయినోళ్ల పేరు మీద అయ్యగారికి బియ్యమిస్తం. బాపు పేరయినంక "ఇంకెవలమ్మా?" అని ఆయన అడిగితే, మమ్ముల కన్న అవ్వ గట్టిగ, "ఎవ్వల్లేరు. నా కొడుకు బతికే ఉన్నడు" అనేది. ఇంటికొచ్చి వాని వంతు బియ్యం గూడ ఎసట్ల పోసేది.

ఈసారి అవ్వ పేరు మీద గూడ ఇయ్యాలె. ఇచ్చేతందుకు కంఠేశ్వర్ గల్లిల ఈ కిరాయింట్ల నేనొక్కదాన్నే మిగిలిన. రేపు అయ్యగారు నన్నడుగుతడు.

బాపుకు, అవ్వకు బియ్యం కొలిసి పెట్టిన. చిన్నోనికి గూడ ఒక గిన్నెడు కొలిసిన. అప్పటిసంది దాన్నే చూసుకుంట కూసున్న. దానమియ్యాల్నా, ఎసట్ల పొయ్యాల్నా...